బాంబు పడిన ఇంట్లో శెనక్కాయలు

“శెనక్కాయలా! ఇంగ్లండులోనా!” బట్టలు ఆరేస్తున్న మున్నీ గోడ అవతల విరగబడి నవ్వింది.

“మెల్లగా మే! పెద్దామె లేస్తాది,” అంది నసీమా.

“బాంబు పడి కూలిన కొంపలో శెనక్కాయలు ఎట్లా మొలిచినాయే? జర్మనీ వాళ్ళు బాంబులతో పాటు విత్తనాలు గాని చల్లినారా?”

నసీమాకు నవ్వు రాలేదు. ప్రాణం అరిచేతిలో పెట్టుకుని ఉంది.

ఒమాన్‌లోని సీబ్‌లో పక్కపక్క విల్లాల్లో పనిచేసే వాళ్ళిద్దరిదీ రాయచోటి దగ్గర ఒకే పల్లె. నసీమా పని మార్జొరీ మేడమ్‌ను చూసుకోవడం. ఎనభై దాటిన ఇంగ్లీషు ఆమె. భర్త నసీమా రాకముందే పోయాడు. కొడుకు పీటర్‌కు ఎడారిలో ఆయిల్ సైట్‌లో డ్యూటీ. గురువారం సాయంత్రం ఇంటికొస్తాడు.

మార్జొరీకి పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. కానీ చిన్ననాటి వీధి మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేది. యుద్ధం అయిపోయిన కొత్తల్లో బొగ్గుల బండి వెంట పరుగెత్తి, రాలిన బొగ్గులు టోపీలో ఏరుకోవడం. పొయ్యి ముందు రేకు తొట్టిలో వారానికొక స్నానం, పిల్లలందరికీ అవే నీళ్ళు. మిఠాయిలకు రేషను ఎత్తేసిన రోజున కడుపునొప్పి వచ్చేదాకా తినడం. బెరిల్ అనే పిల్ల పేరు లేని కబురు ఒక్కటీ ఉండేది కాదు.

పోనుపోను ఆ వీధి కూడా ఆమె తలలో మసకబారింది. అప్పుడు పీటర్ నసీమాను పిలిచి, “ఆ కబుర్లన్నీ నువ్వు విన్నావు కదా. ఇక రోజూ నువ్వే చెప్పు. అవి కూడా పోతే అమ్మకు ఇంకేమీ మిగలదు,” అన్నాడు.

నసీమా తనకొచ్చిన ఇంగ్లీషూ హిందీ కలిపి చెప్పింది. కబురుకొక ముద్ద. కబురు ఆగితే పెద్దామె నోరు తెరవదు. ఉన్న కబుర్లు అయిపోయేవి, గిన్నెలో సగం మిగిలేది. ఒకరోజు విసుగొచ్చి, శెనక్కాయల కోత అయిపోయిన చేలో పిల్లకాయలు మట్టి తవ్వి, మిగిలిన కాయలు ఏరి కాల్చుకుతిన్న సంగతి ఎత్తుకుంది. చేను తీసేసి బాంబు పడిన ఇల్లు పెట్టింది. గిన్నె ఖాళీ!

మర్నాడు పీర్ల పండగ గుండం, ఆ మంట చుట్టూ ఆడే అలాయి ఆట. “యుద్ధం గెలిచినారని వీధి నడుమ మంటేసినారు. మీరూ బెరిలూ దాని చుట్టూ అలాయి ఆడినారు.” పెద్దామె రెండోసారి పెట్టించుకు తినింది.

“ఇప్పుడు ఆ బెరిలే వస్తాంది మే,” అంది నసీమా. “ఆ వీధిలోనే పుట్టి పెరిగిన మనిషంట. ఈమె శెనక్కాయలంటాది. ఆమె యాడివంటాది. సార్ నన్ను పిలుస్తాడు. వీసా మళ్ళీ కొట్టించేది ఈ నెల్లోనే. నా కూతురు నర్సింగు మధ్యలో ఉంది.”

“తిండి పెట్టమంటే తిండి పెట్టాల గానీ, మన ఊరంతా తెచ్చి ఎందుకు పెట్టినావే?” అంది మున్నీ.

సాయంత్రానికి పీటర్ వెంట బెరిల్ రానే వచ్చింది. సన్నటి మనిషి, చేతికర్ర, చురుకైన కళ్ళు. పీటర్ సోఫా ఎదుట ఫోన్ నిలబెట్టి రికార్డింగ్ నొక్కాడు. నసీమా టీ ఇచ్చి తలుపు పక్కన నిలబడింది.

మార్జొరీ బెరిల్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. బొగ్గులొచ్చాయి. తొట్టి వచ్చింది. నసీమా అల్లాను తలుచుకుంటూనే ఉంది.

“శెనక్కాయలు గుర్తున్నాయా బెరిల్? ఆ కూలిన ఇంట్లో తవ్వేవాళ్ళం. మూతులన్నీ మసి!”

పీటర్ తలెత్తాడు. “శెనక్కాయలా?”

నసీమా తలుపు చాటుకు జరిగింది.

బెరిల్ ఒక్క క్షణం మార్జొరీ మొహంలోకి చూసింది. “గుర్తులేకేం? మంచివి నువ్వు తిని, పుచ్చులు నాకిచ్చేదానివి.”

మార్జొరీ పకపకా నవ్వింది. నవ్వుతూనే సోఫా పట్టుకుని లేచింది. “మరి మంట చుట్టూ ఆడింది? అలాయ్, అలాయ్!”

బెరిల్‌కు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా కర్ర పక్కనపడేసి లేచింది. ఇద్దరు ముసలమ్మలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, హాల్లో కార్పెట్ చుట్టూ చిన్నచిన్న అడుగులేశారు. పీటర్ ఫోన్ మాట మరిచిపోయి కళ్ళొత్తుకున్నాడు.

అలిసిపోయి మార్జొరీ కునుకు తీసింది. బెరిల్ ఖాళీ కప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“ఆ శెనక్కాయలు నీవేనా?”

నసీమా వంటింటి తలుపు దగ్గరికి వేసింది. “సార్‌కు చెప్పొద్దు మేడమ్. తింటాది గదా అని…”

“చెప్పడానికేముంది? పీటర్‌కు అప్పుడే అర్థమైంది. వీసాకు పాస్‌పోర్టు ఇమ్మని నీకు చెప్పమన్నాడు కూడా.”

నసీమా గోడకు ఆనుకుంది. అయినా మనసు ఊరుకోలేదు.

“తప్పే గదా మేడమ్. మీరిద్దరూ కలిసి ఆడుకున్న వీధి. దాంట్లో నా ఊరు కలిపేస్తిని.”

బెరిల్ కప్పు కడిగి బోర్లించింది.

“మార్జొరీ ఆ వీధి మొహం ఎన్నడూ చూడలేదమ్మా. ఆమెవన్నీ విన్న కబుర్లే. అక్కడ నేను ఆడుకున్నది మా అన్నతో.”

“మీ అన్నంటే… ఎవరు మేడమ్?”

“ఆమె మొగుడు.”