అక్కడ టైమెంత?

"సాఅత్ చందే?"

"అంత గట్టిగా వద్దమ్మా. దొంగని నిలదీసినట్టుంది. టైమెంతయిందని మామూలుగా అడుగు."

కంగారమ్మ మళ్ళీ అంది. ఈసారి ఏడుపు గొంతు వచ్చింది. తివాచీలు బాగుచేసే ముసలాయన టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

ఆయన పుట్టి పెరిగిన భాష ఫారసీ. ఇక్కడికొచ్చి స్థిరపడి మన మాట నేర్చుకున్నాడు. కింద లాండ్రీ పక్క గదిలో చిరిగిన తివాచీలకు ముడులు వేస్తాడు. ఆమె అదే లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పైన ఒంటి గదిలో ఉంటుంది. మేడ మెట్లెక్కాక ఇస్త్రీపెట్టె ఆపానో లేదోనని మళ్ళీ దిగొచ్చి చూస్తుంది కాబట్టి అందరికీ ఆమె కంగారమ్మే.

పాఠానికి ఆమె గోడ గడియారమే పలక.

"ఇప్పుడెంత?" అన్నాడాయన ఫారసీలో.

"చహార్" అంది. నాలుగు.

"భేష్."

"భేషేం కాదు బాబాయ్. అందులో పది నిమిషాలు తీసెయ్యాలి. మా గడియారం ముందు నడుస్తుంది."

"బాగుచేయించరాదూ?"

"పాడైతే కదా! నేనే పెట్టా. చిన్నప్పుడు మా అమ్మాయికి స్కూలు బస్సు తప్పిపోతుందేమోనని."

"అమ్మాయి బస్సులు దాటి విమానం కూడా ఎక్కేసిందిగా."

ఆమె నవ్వలేదు. నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? కూతురు ఈయన పుట్టిన దేశంలోనే ఎవరింట్లోనో ముసలావిడకు చాకిరీ చెయ్యడానికి వెళ్ళింది. మొదట్లో వారం వారం ఫోనులో మాట్లాడేది. తలుపు గడియ పెట్టావా, ఎవరైనా వెంటపడుతున్నారా, తిన్నావా, ఎందుకు దగ్గుతున్నావు అని ఈవిడ అడుగుతూనే ఉండేది. చివరిసారి, "అమ్మా, ఇవాళ నేనొక్కదాన్నే బజారంతా తిరిగొచ్చా తెలుసా!" అందా పిల్ల. ఎంత సంబరమో ఆ గొంతులో. ఒంటరిగా గడప దాటనని తన మీద ఒట్టెయ్యమని ఈవిడ ఏడ్చింది. అటు నుంచి ఒట్టు రాలేదు.

అంతే. ఆ తర్వాత ఎప్పుడు చేసినా యజమానురాలే ఎత్తుతోంది. గులకరాళ్ళు మింగినట్టు బొంగురు గొంతు. ఒకే ఒక్క ముక్క. "ఖాబే." టక్కున పెట్టేస్తుంది. ఆ ముక్కను జాగ్రత్తగా మోసుకొచ్చి ముసలాయనకు అప్పజెప్పితే, "నిద్రపోతోంది" అని అర్థం చెప్పాడు.

పొద్దున చేసినా నిద్రే. మధ్యాహ్నం చేసినా నిద్రే.

"గదిలో పెట్టి తాళం వేసుంటుంది బాబాయ్. కొడుతోందో, మాడుస్తోందో. అసలు పిల్ల ఉందో లేదో! దాని నోరు పడిపోను, ఆ రాకాసి నోరు పడిపోను!"

"మరి నా కూతురేదని అడగడం నేర్పుతానంటే టైమే కావాలంటావేం? అక్కడ టైమెంతో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు."

"నాకు తెలిస్తే చాలదు. కూతురేదంటే ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. టైమడిగితే అబద్ధం ఆడాలని ఎవరికీ తోచదు. పట్టపగలని తన నోటితోనే చెప్పించి, ఇప్పుడు నిద్రేమిటే అని కడిగేస్తా. పక్కన నువ్వుంటావుగా, ఆ కడిగేది నువ్వు కడుగు."

"లాయరువి కావలసింది" అన్నాడు.

వారం పాటు నేర్చుకుంది. దుప్పటి మడత పెడుతూ అంకెలు వల్లించింది. పక్క మిషను దగ్గరి పిల్ల, "కంగారమ్మక్క మంత్రాలు మొదలెట్టిందే" అని అందరికీ చెప్పి నవ్వించింది. నవ్వుకోనీ.

సెలవు రోజున ముసలాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోను కలిపింది. మొదటిసారిగా స్పీకరు పెట్టింది. అరచేతులు చీరకు తుడుచుకుంది.

అటు ఎత్తారు.

"హలో. మా అమ్మాయి..."

"ఖాబే." అదే గొంతు.

పెట్టేసేలోగా తోసుకుని వచ్చింది ఈవిడ నోట్లోంచి. "సాఅత్ చందే?"

అటువైపు ఊపిరి ఆగినట్టయింది. ఈ నోటి నుంచి ఆ భాష వస్తుందనుకోలేదు కాబోలు. ఫోను పెట్టెయ్యలేదు. ఎవరు టైమడిగినా గోడ వైపు చూసి చెప్పేసే మనిషిలాగా చెప్పేసింది.

"పంజ్. దహ్ దగీగె కమ్ కొన్."

ఆ వెంటనే లైను తెగిపోయింది.

కంగారమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "పంజ్! ఐదు! దొరికింది బాబాయ్, దొరికిపోయింది! సాయంత్రం ఐదింటికి ఎవరమ్మా నిద్రపోయేది? మళ్ళీ చెయ్యనా, కడిగేస్తావా?"

ముసలాయన చేతిలోని గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"ఏంటి బాబాయ్? ఆ తర్వాత ఇంకేదో అందిగా. పిల్ల గురించేనా? ప్రాణాలతో ఉందా? చెప్పు, నీకు దణ్ణం పెడతా."

"ఐదు అంది. అందులో పది నిమిషాలు తీసెయ్ అంది."

"తీసెయ్యడమేంటి?"

"గడియారం ముందు నడుస్తోందేమో." ఆయన ఆమె మొహం చూడకుండా గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటమ్మా. ఆవిడ మా మనిషి కాదు. అది పుట్టుకతో వచ్చిన ఫారసీ కాదు, నేర్చుకున్నది. నువ్వు పలికినట్టే పలికింది."

కంగారమ్మ తలెత్తి తన గోడ గడియారం వైపు చూసింది.

ఇన్నాళ్ళూ నోరు పడిపోవాలని తను తిట్టిపోసిన ఆ గొంతు తన కూతురిదే.