పరుపుల దొంగ

చప్పట్లు కొట్టింది మీరు. మనిషిని వెళ్లగొట్టిందీ మీరే.

మెస్కీట్ వెల్స్ ఊరి పాత హైవేని కాపాడే కమిటీ పెద్దలూ, అలవాటైన ముందు వరస కుర్చీల్లోనే కూచుని వినండి.

కిందటేడు ఏప్రిల్లో బ్లూ క్వెయిల్ మోటెల్ తాళాలు వెల్డా క్రైటన్ చేతికొచ్చాయి. అమెరికా పాత హైవే రూట్ 66 మీద ఏళ్ల తరబడి మూతబడ్డ మోటెల్. కొని మళ్లీ నిలబెడతానని వచ్చిందామె. పక్కన కమిటీ అధ్యక్షుడు రస్ పెటిట్.

కారు దిగేసరికి ఒక ముసలాయన చివరి గదిలోంచి పరుపు ఈడ్చుకొస్తున్నాడు.

"ఏయ్! ఎక్కడికది?" అరిచాడు రస్.

"పైకి."

ముసలాయన గడ్డంతో ఆఫీసు కప్పు చూపించాడు. అక్కడో నిచ్చెన, తాళ్లు, ఇంకొన్ని పరుపులు. వాటి వెనక బోర్డు. బోర్డు మీద నియాన్ గాజు గొట్టాలతో చేసిన నీలి కౌజుపిట్ట, మోటెల్ పేరులోని బ్లూ క్వెయిల్.

"ఓహో, పైన పడకా! కౌబాయ్ గారికి చుక్కలు కనపడందే నిద్ర పట్టదు కాబోలు" అన్నాడు రస్.

వెల్డా నవ్వలేదు. "ఇప్పుడిది నాది. ఆ పరుపులూ నావే."

"నీవే తల్లీ. నన్ను మాత్రం మే దాటేదాకా ఉండనియ్యి."

"మేలో ఏముంది?"

"వాన."

"వానొస్తే తలదాచుకోడానికి నా మోటెలే దొరికిందా?"

"నాక్కాదు..." అని మళ్లీ కప్పు వైపు చెయ్యెత్తాడు.

"నీక్కాదా? పరుపు తడుస్తుందని దిగులా?" రస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "దొంగకి సరుకు మీద ఎంత ప్రేమో!"

ముసలాయన ఇంకేదో చెప్పబోయాడు. మాట్లాడే మనిషి లేక మాటలు తుప్పుపట్టిన గొంతు. అది తెరుచుకునేలోపు, రస్ ఫోన్ చేసి పిలిచిన పోలీసు డెప్యూటీ లుహాన్ జీపు రానే వచ్చింది.

ముసలాయన్ని ఎక్కించుకుపోతూ దారిలో లుహాన్ అడిగాడు. "నీకెవరూ లేరా, పెద్దాయనా?"

"పిట్ట ఉంది."

"పేరేంటి?"

"పిట్టదా?"

"నీది."

"ఓరెన్ టేట్. ఎవరూ అడక్క మర్చిపోయాననుకున్నా."

పక్క కౌంటీలో, బస్సు ఆగేచోట దింపేశాడు లుహాన్. వెనక్కి తిరిగి జీపెక్కుతుంటే ముసలాయన ఆకాశం చూస్తున్నాడు.

ఇక్కడ వెల్డా గదులన్నీ తెరిచింది. ఏ మంచం మీదా పరుపు లేదు. చివరి గదిలో మాత్రం వట్టి నేలమీద మడతపెట్టిన ఒక కంబళి.

"ఒక్కటీ వదల్లేదు, పరుపుల దొంగ!" అంది.

పైనున్న పరుపులు చెత్తబండి ఎక్కాయి. అన్నీ పాతవే, ఇంకా ఎందుకు?

బోర్డు చుట్టూ ఇనప కొక్కేలు కనిపించాయి.

"ఇవి మోటెల్ కట్టినప్పటి పాత ఫోటోలో ఉన్నాయా?" అడిగాడు రస్.

"లేవు" అంది వెల్డా.

"అయితే కోసెయ్యండి."

మీ కమిటీకి పాత ఫోటోయే వేదం. అందులో లేనిదేదీ ఉండకూడదు.

బోర్డు బాగుచేసే డెల్బర్ట్ కొత్త తీగలు లాగి మీట నొక్కాడు. కౌజుపిట్ట నీలంగా వెలిగింది. డెల్బర్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఒక్క గొట్టం పగల్లేదు మేడమ్! ఈ దారి పొడుగునా ప్రతి బోర్డూ వట్టి ఎముకల గూడే. ఇదొక్కటీ ఎలా మిగిలింది?"

"దేవుడి దయ" అన్నాడు రస్.

ఆ జవాబుతో అందరి కడుపూ నిండింది.

ఆ ఏడాదే కమిటీ విందు. పచ్చిమిరప బర్గర్లు, పెకాన్ గింజల తీపి పేస్ట్రీ, ఉపన్యాసాలు. "కౌజుపిట్టను కాపాడిన వెల్డా క్రైటన్" అని చెక్కిన ఇత్తడి ఫలకం. మీరు లేచి నిలబడి కొట్టిన చప్పట్లు గ్యాస్ స్టేషన్ దాకా వినపడ్డాయి.

ఆ ఏడు మే పొడిగానే గడిచింది. తరవాతి ఏడాది మేలో ఒక మధ్యాహ్నం ఆకాశం పచ్చబడింది.

ముందు గాలి. తరవాత వడగళ్లు, ఒక్కోటి గుప్పెడంత. వెల్డా వరండాలో నిలబడి విన్నది. పైన గాజు పగులుతున్న చప్పుడు.

వాన వెలిసేసరికి వాకిలంతా తెలుపు. అందులో నీలి ముక్కలు.

డెల్బర్ట్ మళ్లీ నిచ్చెనెక్కాడు. చాలాసేపు దిగలేదు.

"ఏముందక్కడ?" కింద నుంచి అడిగింది వెల్డా.

"కొక్కేలు కోసిన గుర్తులు. బోర్డు వెనక ఒకటి మిగిలిపోయింది. దానికి తాడు ముక్క, చారల గుడ్డ పీలిక..." డెల్బర్ట్ గొంతు తగ్గింది. "పరుపు గుడ్డ మేడమ్. వడగళ్ల కాలంలో ఎవరో ఈ పిట్టకి పరుపులు కట్టేవాళ్లు."

వెల్డా ఫోన్ చేసి డెప్యూటీ లుహాన్‌ని పిలిపించింది.

"ఆ ముసలాయన్ని తీసుకురా" అంది లుహాన్‌తో.

"చలికాలంలోనే పోయాడు మేడమ్. నేను దింపిన బస్టాపు బల్ల మీదే. కౌంటీవాళ్లు పూడ్చారు. అక్కడున్నది నేనూ, గుంత తవ్వినవాడూ. మూడో మనిషి లేడు."

ఇప్పుడు కమిటీ మళ్లీ కూడిందట, కొత్త పిట్ట చేయించడానికి.

చేయించండి. కానీ ముందు కొక్కేలు బిగించండి. ఫోటోలో లేకపోయినా బిగించండి. ఆ ఇత్తడి ఫలకం గోడమీంచి ఊడబెరకండి. వెల్డా పేరు గీకేసి ఓరెన్ టేట్ అని చెక్కండి. మీలో ఒక్కరైనా ఆ సమాధి దాకా మోసుకెళ్లి పాతండి.

మీరు పరుపుల దొంగ అన్న మనిషి, మోటెల్లో ఉన్న పరుపులన్నీ పిట్టకి కప్పి, తాను వట్టి నేలమీద పడుకున్నాడు.