పాప కోసం వచ్చినాయన

"పాపని పంపనండీ," అంది పెర్సిస్, ఎల్‌కేజీ గది గుమ్మానికి అడ్డంగా నిలబడి.

మోటారుసైకిలు ఇంజను ఆపకుండానే దిగొచ్చిన ఆ మనిషి ఆవిడ వంక ఓపిగ్గా చూశాడు. పేరు జగ్గారావు. ఒంటి మీద తడిసి ఆరిన బట్టలు. ప్యాంటు మీద బురద ఇంకా ఎండుతోంది.

"నేను పాపకి సొంత బాబాయినండీ. మా వదిన పొద్దున్న చేపల చెరువులో పడిపోయింది. కైకలూరు ఆసుపత్రిలో ఉంది. ఆఖరి చూపు అవుతుందేమో. మీకు దణ్ణం పెడతాను టీచరుగారూ."

ఈలోగా లోపలి నుంచి లక్ష్మీదుర్గ అతన్ని చూడనే చూసింది. "బాబాయ్" అంటూ ఎగురుకుంటూ వచ్చి పెర్సిస్ పక్కనుంచి దూరబోయింది. పెర్సిస్ ఆ చిన్న చెయ్యి పట్టుకుని ఆపింది.

మాటలు విని హెడ్మాస్టరు రూబెన్ గారు ఆఫీసులోంచి లేచి వచ్చారు.

"పిల్ల గుర్తుపట్టింది కదమ్మా. ఇంకా ఏమిటి మీ అనుమానం?"

"బళ్ళో చేర్చిన రోజే వాళ్ళమ్మ కనకరత్నం గారు చెప్పారండీ, తను తప్ప ఎవరొచ్చినా పంపొద్దని."

"ఆవిడ ఆసుపత్రిలో ఉంటే ఎలా వస్తుందమ్మా? రేపు జరగరానిది జరిగితే, కన్నతల్లిని చూడనివ్వలేదన్న మాట మనకొస్తుంది. మండవల్లిలో మళ్ళీ తలెత్తుకు తిరగగలమా?"

పెర్సిస్ తన సెల్ తీసింది. కనకరత్నం సెల్‌కి ఫోను చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది. అతను చెప్పేది నిజమైతే ఆ ఆఖరి చూపుని తను తిరిగి తెచ్చివ్వలేదు. అబద్ధమైతే పిల్లనే తెచ్చివ్వలేదు.

"అయితే నేనూ వస్తానండీ. వాళ్ళమ్మ దగ్గర దింపి వచ్చేస్తాను."

జగ్గారావు ముఖంలో అప్పటిదాకా ఉన్న బతిమాలాట చప్పున ఆరిపోయింది.

"బండి మీద ఇబ్బందండీ."

"పాపని మధ్యలో కూర్చోబెట్టుకుంటాను."

"మరి మీ క్లాసు ఎవరు చూస్తారమ్మా?" అన్నారు రూబెన్ గారు చిరాగ్గా.

"ఈ పూటకి మీరు చూడండి సార్. నాకు అప్పజెప్పిన పిల్లని నేనే అప్పజెప్పాలి."

బండి కైకలూరు రోడ్డెక్కిన కాసేపటికే పక్కకి, చెరువు గట్టు మీదకి తిరిగింది.

"ఇటెందుకండీ?"

"ముందర కల్వర్టు తవ్వేశారండీ."

రెండు పక్కలా చేపల చెరువులు. మధ్యలో బండి పట్టేంత గట్టు. కనుచూపు మేర మనిషి జాడ లేదు. కొల్లేరు వైపు, అక్రమ చెరువులని ఆ వేసవిలో సర్కారు పేల్చేసిన గట్ల తాలూకు మట్టిదిబ్బలు నీళ్ళలోంచి తేలి ఉన్నాయి. పాప కునికిపాట్లు పడుతోంది.

ఖాళీగా ఉన్న ఒక కాపలా గుడిసె దగ్గర జగ్గారావు బండి ఆపాడు. సెల్ మోగుతుంటే తీసి, అవతలికి నడిచాడు. గాలి ఇటే వీస్తోంది. మాటలు తెగి తెగి పెర్సిస్ చెవిన పడ్డాయి.

"ఇంకా ఉందా?... పిల్ల నా దగ్గరే ఉంది... ఒక్కత్తే కాదు, టీచరు కూడా వచ్చింది... ఏం చెయ్యమంటావు మరి?"

ఫోను పెట్టేశాక కూడా అతను కదల్లేదు. అలా నీళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాడు. పెర్సిస్ పాపని దించి గుండెకి అదుముకుంది.

అతను వెనక్కి వచ్చాడు. పాపని చూశాడు. పాప చుట్టూ బిగిసి ఉన్న ఆవిడ చేతుల్ని చూశాడు.

"ఎక్కండి," అన్నాడు.

నిజంగానే ఆసుపత్రికి తీసుకొచ్చాడు. వరండా నిండా చుట్టాలే. "కల్వర్టు తవ్వేశారు కదరా, గట్టు మీదుగా వచ్చారా?" అని ఎవరో అడుగుతున్నారు. పాప నాయనమ్మ సుబ్బాయమ్మ కొడుకుని పట్టుకుని ఏడ్చింది.

"వీడే లేకపోతే నా కోడలు చెరువులోనే పోయేది తల్లీ. దూకి బయటికి తీసింది వీడే. పెద్దాడు పోయాక వాడి పేరనున్న చెరువులకీ, తల్లికీ పిల్లకీ వీడే దిక్కు. ఇందాక నేను ఫోను చేస్తే, ముందు వదిన ఎలా ఉందనే అడిగాడు."

పెర్సిస్ సిగ్గుతో చితికిపోయింది. "ఏమనుకోకండి. మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను," అంది.

"పర్వాలేదండీ. మీ డ్యూటీ మీరు చేశారు." జగ్గారావు చేతులు చాచాడు. "ఇంక పాపని ఇటివ్వండి. వదినకి స్పృహ లేదు. ఒకసారి చూపించి ఇంటికి తీసుకుపోతాను. మీరు బయల్దేరండి."

పాప ఆ చేతుల్లోకి వంగింది. పెర్సిస్ ఇవ్వబోయి ఆగింది. "వాళ్ళమ్మకి నేనే చూపించి ఇచ్చేస్తానండీ," అని లోపలికి నడిచింది. అతను వెనకే వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా," అంది లక్ష్మీదుర్గ.

కనకరత్నం రెప్పలు కదిలాయి. మెల్లగా కళ్ళు తెరిచింది. పెర్సిస్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. వంగి, "పాపని తీసుకొచ్చానండీ," అంది. "మీ మరిదిగారు దేవుడిలా మిమ్మల్ని నీళ్ళలోంచి తీశారట. పాపని ఆయనకి అప్పజెప్పి వెళ్ళనా?"

చల్లటి వేళ్ళు పెర్సిస్ మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి. కనకరత్నం పెదాలు ఆవిడ చెవి దగ్గర కదిలాయి.

"జనం రావడం చూసి తీసింది ఆయనేనండీ... తోసిందీ ఆయనే."