మొదటి పేజీ ఫోటో

చర్చి వెబ్‌సైట్ ఎలా ఉండాలో మాట్లాడి రమ్మని ఆఫీసువాళ్ళు పంపితే, డిజైనరు అమ్మాయి పాస్టరు గదికి వచ్చింది.

“మొదటి పేజీలో ఆరాధన వేళలు, వచ్చే దారి, బళ్ళు ఆపుకునే చోటు పెడదామండి. కొత్తగా వచ్చేవాళ్ళు ముందు అవే వెతుక్కుంటారు.”

“అవి కింద ఎక్కడో పడెయ్యమ్మా. జనాన్ని లాగేది సాక్ష్యం” అంటూ ఆయన తన ఫోన్ ఆమె ముందుకు జరిపాడు.

ఫోటోలో పాస్టరు రెండు చేతులూ ఎత్తి ప్రార్థిస్తున్నాడు. పక్కన ఒక బక్కపలచని పిల్ల నిలబడి ఉంది. వెనక చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది.

అమ్మాయి ఫోన్ మీదికి వంగి చూసింది.

“ఈ పిల్ల ఇప్పుడు నడుస్తోందా అండీ?”

“నడవకేం? ఆ స్వస్థత సభ తర్వాత మళ్ళీ కనిపించలేదు. బాగైపోయినవాళ్ళు మన మొహం చూస్తారా?” ఆయన నవ్వి, బిస్కెట్ పొడి అంటిన వేళ్ళతోనే పిల్ల మొహాన్ని పెద్దది చేశాడు. “కన్నీళ్ళు చూడు, ఎంత బాగా పడ్డాయో. ‘లేచి నడిచింది’ అని పైన పెద్ద అక్షరాలతో వెయ్యి.”

ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది.

“అప్పుడే మూసేశావేం? ఇంకో చిన్న పనుంది. పిల్ల నడుం దగ్గర వెనకనుంచి ఎవరిదో చెయ్యి కనిపిస్తోంది. పట్టుకుని నిలబెట్టినట్టుంది. అది తీసెయ్యగలవు కదా?”

“తియ్యలేనండి” అంది ఆమె, సంచీ భుజాన వేసుకుంటూ. “ఆ చెయ్యి నాది. తీసేస్తే మా చెల్లి పడిపోతుంది.”