పెళ్లిరోజు టేబుల్

వెయిటర్ ఇటే వస్తున్నాడు. ఆమె మొహానికి నవ్వు తగిలించుకుంది.

"పెళ్లిరోజు శుభాకాంక్షలు మేడమ్. సర్‌కి స్టేక్ బాగా కాలాలా, లోపల కాస్త ఎర్రగా ఉంచాలా?"

"బాగా కాలాలి. ఎరుపు కనిపిస్తే ఈయన ప్లేటు ముట్టరు."

"నా నోరు కూడా ఈవిడ దగ్గరే ఉందయ్యా," అన్నాడు అతను.

వెయిటర్ నవ్వుకుంటూ వెళ్లాడు. ఇద్దరి మొహాల మీది నవ్వులూ ఒకేసారి దిగిపోయాయి.

పెద్ద హోటళ్లలో మర్యాదలు ఎలా ఉన్నాయో గుట్టుగా చూసి చెప్పే కంపెనీ తరఫున వచ్చారు ఇద్దరూ. నెలకో హోటల్. ప్రతిసారీ వేషం ఒకటే, పెళ్లిరోజు చేసుకుంటున్న మొగుడూ పెళ్లాలు. ఎవరికీ అనుమానం రాకూడదు. వస్తే మళ్లీ పిలవరు. ఆ పిలుపు పోతే ఆమెకి ఇంకేమీ లేదు. నెలంతా దానికోసమే చూస్తుంది.

ప్లేట్లు పట్టుకుని లేచారు. మంచుముక్కల గుట్ట మీద పీతలు, రొయ్యలు, నోళ్లు తెరిచిన ఆలిచిప్పలు. ఆ పక్క బల్ల నిండా చీజ్. ఒకదానికి నీలం చారలున్నాయి. అతను వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇది నా సాక్సుల వాసనొస్తోంది."

"మీ సాక్సులకి అంత సీను లేదులెండి."

బల్ల వెనకున్న వంటమనిషి పకపకా నవ్వింది. తనూ నవ్విందో లేదో ఆమెకి తెలియలేదు.

టేబుల్ దగ్గరికి వచ్చాక అతను గొంతు తగ్గించాడు. "మేనేజర్ చూస్తోంది. చెయ్యి పట్టుకోవాలి."

పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచులోంచి తీసిన పీతలా ఉంది. లేక తనదే అలా ఉందేమో.

"వచ్చే నెల నుంచి నేను రానని వాళ్లకి చెప్పేశాను," అన్నాడు, పెదవుల మీద నవ్వు చెదరనివ్వకుండా. "నటించి నటించి విసుగొచ్చింది. భర్త వేషానికి ఇంకెవరినో పంపుతారట."

వెయిటర్ తమ మాట వినపడనంత దూరంలో ఉంటే వాళ్ల మాటల్లో నువ్వూ ఉండదు, మీరూ ఉండదు.

"ఊఁ," అంది. మాంసం ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

వెయిటర్ చిన్న కేకు తెచ్చి కొవ్వొత్తి వెలిగించాడు. "మిమ్మల్ని చూస్తే సిగ్గేస్తోంది సర్. మా ఆవిడతో ఇలా కబుర్లాడి ఎన్నాళ్లయిందో."

"ఇంటికెళ్లగానే మాట్లాడవయ్యా. దానికేం భాగ్యం?" అన్నాడు అతను.

ఇద్దరూ కలిసి కొవ్వొత్తి ఊదారు.

లిఫ్టులో మూడో మనిషి లేడు. అతను అంకెల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె తన చెప్పుల వంక చూసుకుంది.

కారు ఇంటి ముందు ఆపి, ఆమె కంటే ముందే తాళం తీసి, ఇరవై ఏళ్ల కిందట ఆమెని పెళ్లాడిన ఆ మనిషి, రోజూలాగే ఒక్క మాటా లేకుండా తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.