దుప్పటి మూల అంకె

ఆమె తడి కోటు విప్పకుండానే బల్ల దగ్గరికి వచ్చింది.

"రాయి మీద పేర్లు రాయించుకునేది ఇక్కడేనా?"

హాల్వర్ కాఫీ పోస్తున్నాడు. ఐవిన్ కాగితాలు సర్దుతున్నాడు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. కొండ మీది పిల్లల హోములో పెరిగినవాళ్లు.

హోమును ఎప్పుడో కూల్చేశారు. ఇప్పుడు ఆ చోట ఒక రాయి నిలబెడుతున్నారు. అక్కడ పెరిగిన పిల్లల పేర్లు దాని మీద చెక్కిస్తారు. శుక్రవారానికి జాబితా అందాలి.

"పేరు?"

"సిన్నెవ."

ఐవిన్ కలం ఆగింది. తలెత్తి చూశాడు. ముఖమంతా ముడతలు. కనుబొమ్మ మీది మచ్చ మాత్రం అలాగే ఉంది.

"నడుముకి తాళాలు కట్టుకుని తిరిగేదానివి. నువ్వేనా?"

"బట్టలుతికే గది తాళాలు బాబూ అవి."

"తాళం తాళమే."

ఆమె సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసి బల్ల మీద పెట్టింది. వేలెడంత ఉంది. ఎర్రదారంతో 14 అని కుట్టి ఉంది.

హోములో పిల్లలందరికీ తలా ఒక అంకె. చొక్కా మెడపట్టీకి, మేజోడుకి, దుప్పటి మూలకి, అన్నిటికీ అదే అంకె.

"ఇది నాది," అంది.

హాల్వర్ నవ్వాడు. "అంకెలు కుట్టిందే నువ్వు. ఒకటి సంచిలో మిగిలిపోయింది, అంతేగా."

"నాలుగో ఏట తెచ్చి వదిలారు నన్ను. పెద్దయ్యాకా పంపలేదు, బట్టలుతికే పనికి పెట్టారు."

"కాగితం ఉందా?"

"లేదు."

"మాకూ లేదు. అందుకే పద్ధతి పెట్టుకున్నాం. హోము పిల్లల్లో ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. నీకెవరు చెబుతారు?"

ఆమె ఐవిన్ వైపు చూసింది.

"నువ్వు ముప్పై ఒకటి కదా."

ఐవిన్ ముఖం ఎర్రబడింది.

"నా దుప్పటి అంకె ఇంకా గుర్తుందన్నమాట."

"నా కుట్టు కదా."

"విన్నావా హాల్వర్. పొద్దున్నే చిన్నపిల్లల గదిలో దుప్పట్లు తడిమి చూసేది ఈవిడే. నాది తడిసి ఉంటే పెద్దవాళ్లకి చూపించడానికి చంకలో పెట్టుకుని పోయేది. నాకు ఏడేళ్లు. నన్నెప్పుడు పిలుస్తారా అని అంబలి అలాగే వదిలేసేవాణ్ణి. క్రిస్మస్ ముందురోజు కూడా అంతే. అందరూ చెట్టు చుట్టూ పాడుతున్నారు, నేను తలుపు వైపే చూస్తున్నాను."

పక్క తడిపినవాళ్లని పెరట్లో నిలబెట్టేవారు. తడి దుప్పటి నెత్తిన వేసి, మంచులో, గంట సేపు. మగపిల్లలకొక పెరడు. ఆడపిల్లలకొక పెరడు. మధ్యన ఎత్తుగోడ.

"నేను నిలబడ్డాను," అన్నాడు హాల్వర్. చెవి చూపించాడు. పైకొస లేదు. చలికి చచ్చి ఊడిపోయింది.

"నిన్ను పిలవలేదు కదా," అంది ఆమె ఐవిన్‌తో, మెల్లిగా.

"అది నా అదృష్టం. నీ దయ కాదు."

హాల్వర్‌కి ఏమనిపించిందో, ఒక కప్పు ఆమె వైపు జరిపాడు. ఐవిన్ దాన్ని వెనక్కి లాగాడు.

"ఇది హోము పిల్లలకి పోసిన కాఫీ."

ఆమె తల ఊపింది. గుడ్డముక్క తీసుకోలేదు.

"ఉండనీ. ఎవరికైనా గుర్తొస్తుందేమో."

తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

మే నెలలో రాయి నిలబెట్టారు. నూట అరవై పేర్లు. పద్నాలుగో అంకె పిల్ల పేరు అందులో లేదు. అది ఎవరిదో తెలియలేదని రాసుకున్నారు.

సిన్నెవ ఫిబ్రవరిలోనే పోయిందని ఆ రోజు ఎవరో చెప్పారు. పాస్టరూ, ఒక నర్సూ వెళ్లారట శ్మశానానికి.

జూన్‌లో పురపాలక సంఘం నుంచి రాగ్నా అనే ఉద్యోగిని ఒక పెట్టె తెచ్చింది.

"హోము కాగితాలు. మా నేలమాళిగలో దొరికాయి. సంతకం పెట్టండి."

ఐవిన్ ముందు పనివాళ్ల జాబితా తీశాడు. రెండుసార్లు చదివాడు.

"ఒకావిడ పేరు లేదిందులో. బట్టలు చూసేది. సిన్నెవ అని."

"పనివాళ్లందరూ ఉన్నారండి. కట్టెలు కొట్టినాయనతో సహా."

వాఫిల్ అట్టు నములుతున్న హాల్వర్ ఆగాడు.

"ఐవిన్, అక్కడ పనిచేసే ఆడవాళ్లని పిన్ని అని పిలవకపోతే చెంప పగిలేది కదా."

"అయితే?"

"ఈమెని ఎప్పుడైనా పిన్ని అన్నామా?"

ఐవిన్ జాబితా బల్ల మీద పెట్టాడు.

"అనలేదు. పేరుతోనే పిలిచేవాళ్లం, మనలో ఒకర్ని పిలిచినట్టు." హాల్వర్ వాఫిల్ పక్కన పెట్టాడు. "ఇంకోటి. మా పెద్దపిల్లల గది వాళ్లమే నిలబడేవాళ్లం. చిన్నపిల్లల గది వాళ్లు ఒక్కరు కూడా పెరట్లో నిలబడగా నేను చూడలేదు."

పెట్టె అడుగున నల్ల అట్ట పుస్తకం ఉంది. పైన పిల్లల శిక్షలు అని రాసి ఉంది. ఐవిన్ తను హోముకి వచ్చిన ఏడాది తెరిచాడు.

14. సిన్నెవ. వయసు 19. దుప్పటి తడిపింది. పెరట్లో గంట.

కింద మళ్లీ అదే. పేజీ తిప్పాడు. అదే. నవంబరంతా అదే.

"పంతొమ్మిదేళ్ల మనిషి రోజూ పక్క తడపడమేంటి?" అన్నాడు హాల్వర్.

ఐవిన్ వేలు క్రిస్మస్ ముందురోజు దగ్గర ఆగింది. చదవడానికి చాలాసేపు పట్టింది.

14. తడి దుప్పటి మూల అంకె విప్పేసి తన అంకె కుడుతూ దొరికింది. రెండు రోజులు నేలమాళిగ. ఎవరి దుప్పటని ఎంత అడిగినా నాదే అంది.