శనివారం సంతకం

బాలికల హోమ్ వార్డెన్ ఆ శనివారం మధ్యాహ్నం గేటుకు తాళం వేసింది. పదహారేళ్ల పిల్ల ఒకతి ప్రతి శనివారం చెప్పాపెట్టకుండా రెండు గంటలు మాయమవుతోంది. ఎక్కడికని అడిగితే నోరు విప్పదు. అడిగి అడిగి వార్డెన్ అలిసిపోయింది. తాళం చూసి ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం కోర్టు గుమాస్తా ఫోన్ చేశాడు.

“మీ పిల్ల మొన్న రాలేదేంటండీ? పాత దొంగతనం కేసులో శనివారం శనివారం వచ్చి సంతకం పెట్టాలని ఆర్డరుందిగా. కాపీ మీకు చేరలేదా?”

“ఏ కాగితమూ రాలేదండీ.”

“ఇలా తప్పితే జడ్జిగారు ఊరుకోరు మరి.”

“తప్పు దానిది కాదు. గేటుకు తాళం వేసింది నేను. అలాగే రాసుకోండి.”

ఫోన్ పెట్టేసి వార్డెన్ ఆ పిల్లను పిలిపించింది.

“ఒక్క ముక్క నాతో చెబితే నీ సొమ్మేం పోయేదే తల్లీ?”

“ఇంతకుముందున్న హోమ్‌లో చెప్పానమ్మా. ఆ సాయంత్రమే నన్ను పంపించేశారు.”

అప్పుడు చూసింది వార్డెన్. పిల్ల బట్టల సంచి సర్దుకునే వచ్చింది.

ఆమె ఆ సంచి అందుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, మళ్లీ పిల్ల మంచం కిందే పెట్టింది.